పుస్తకం వెనక చీటీ

పట్నం నుంచి సెలవులకొచ్చిన సోమ్రా కూతురు బుద్రికి ఉప్పు పొట్లం కట్టిచ్చి, ఆమె కొట్టు మెట్లు దిగేదాకా ఆగాడు వీరభద్రరావు. అప్పుడు ప్లీడరైన తన మేనల్లుడి వైపు తిరిగాడు.

"సోమ్రా భూమి కేసు ఎల్లుండే. కొండోళ్ల భూమి మనం కొనకూడదని మన చట్టం అంటంది. పైదేశాల చట్టవేటైనా అక్కరకొచ్చిందేటి?"

"మూడు రోజులు లా కాలేజీ లైబ్రరీలో వెతికాను మావయ్యా. దొరికింది జెనీవాలోని అంతర్జాతీయ కార్మిక సంస్థ చేసిన ఒప్పందం ఒక్కటే. చట్టం తెలీని కొండవాళ్లని మాయచేసి భూమి లాక్కోకూడదంటుంది. మన దేశం కూడా ఒప్పుకుంది."

వీరభద్రరావు నవ్వాడు. "సోమ్రాకి సంతకమే రాదు. జెనీవా మాట ఈ అరకు కొండల్లోకి ఎవుడు మోసుకొత్తాడు?"

మేనల్లుడు నవ్వలేదు. లైబ్రరీ నుంచి తెచ్చిన పుస్తకం చివరి అట్ట తెరిచి, తీసుకెళ్లినవాళ్లు సంతకం చేసేందుకు అక్కడ అతికించిన చీటీ చూపించాడు. అతని పేరుకు పైన మరో సంతకం రెండుసార్లు ఉంది.

"కిల్లో బుద్రి, లా రెండో సంవత్సరం. నాకంటే ముందు రెండుసార్లు తీసుకెళ్లింది. ఎవరు మావయ్యా ఈవిడ?"

వీరభద్రరావు వీధిలోకి చూశాడు. బుద్రి ఉప్పును బుట్టలోకి ఒంపేసి, పొట్లం కాగితం విప్పి, నిలబడే చదువుతోంది.

చిన్నప్పుడూ అంతే చేసేది. ఆ కాగితాలన్నీ తన కొట్టువే.