చదువురానివారు కావలెను

“చదువురానివాళ్ళు అయిపోయారు సిస్టర్!” అంది భానుమతి. ఏడుపొక్కటే తక్కువ.

రేషన్ షాపులో పంచదార అయిపోయిందన్నట్టే చెప్పింది. ఆమె బాధ కూడా అలాంటిదే. ఆ కాన్వెంటులో పన్నెండో తరగతి చదివే ప్రతి పిల్లా చదువురాని ఒక మనిషికి చదవడం నేర్పాలి. సంఘసేవ అన్నమాట. ఆ సర్టిఫికెట్ లేకపోతే బోర్డు పరీక్షకు హాల్ టికెట్ ఇవ్వరు. క్లాసు ఫస్టు భానుమతి ముందు ఫిజిక్సూ కెమిస్ట్రీ సంగతి చూసుకుని, తీరిగ్గా సేవకు బయల్దేరేసరికి ఢిల్లీ ఆర్.కె. పురంలో పనిమనుషులు, చౌకీదార్లు, ఇస్త్రీవాళ్ళు అందరూ బుక్కయిపోయారు. మిగిలిన కూరగాయలావిడ తనకోసం ఇద్దరమ్మాయిలు పోట్లాడుకోవడం చూసి, “నేర్చుకుంటే నాకేమిస్తారు?” అని బేరం పెట్టింది.

“మరి నా హాల్ టికెట్ ఎలా సిస్టర్?”

సిస్టర్ ఫిలోమినాది గుంటూరు. ఆంధ్రా పిల్లలతో తెలుగులోనే మాట్లాడుతుంది.

“సెక్టర్ ఫోర్‌లో నాగేంద్రమ్మగారని ఉన్నారు. కొడుకు దగ్గర ఉంటారు. వెళ్ళి అడుగు. జనవరి ఆఖర్లో నేనే వచ్చి చదివించి చూస్తాను.”

“అంత పెద్దావిడకి బుర్రకెక్కుతుందా?”

“ఎక్కించడమేగా నీ పని.”

నాగేంద్రమ్మ బాల్కనీలో ఎండకు కూర్చుని స్వెట్టర్ అల్లుతోంది. సంగతి విని నవ్వింది.

“ఏ భాషైనా నాకు వేలిముద్రే తల్లీ. నేర్పుతానంటే వద్దంటానా? కానీ కాలనీలో ఎవరికీ చెప్పమాకు. మావాడు ఆఫీసరు, నామోషీ పడతాడు.”

ఢిల్లీలో పెరిగిన పిల్ల కాబట్టి భానుమతికే తెలుగు చదవడం రాదు. అందుకని హిందీ అక్షరాలు మొదలుపెట్టింది.

నాగేంద్రమ్మది మామూలు బుర్ర కాదు. నిన్న చెప్పింది ఇవాళ ఉండదు. భ రాయమంటే మ రాస్తుంది. ఘ చూపిస్తే ధ అంటుంది. మధ్యలో, “కాసిని పకోడీలు వేయనా?” అంటుంది. ఒకరోజు భానుమతి ఓర్చుకోలేక పలక మంచం మీదికి గిరాటేసింది.

“ఎన్నిసార్లు చెప్పాలండీ! నర్సరీ బచ్చాలకి కూడా వచ్చేస్తుంది! మీవల్ల నా ఇయర్ వేస్టయిపోతోంది!”

ఆవిడ పలక తీసి, పైటచెంగుతో తుడిచి పక్కన పెట్టింది.

“నిజమే తల్లీ. రేపట్నుంచి రామాకు. నావల్ల కాలేదని సిస్టర్‌కి చెప్పెయ్.”

భానుమతి లెక్క వేసుకుంది. ఈవిడ కూడా పోతే ఇంకొకరు దొరకరు. మర్నాడు మళ్ళీ వెళ్ళి, “సారీ బామ్మగారూ” అని తల దించుకుంది. సర్టిఫికెట్ కోసమే వెళ్ళింది, అబద్ధమెందుకు. పళ్ళు బిగబట్టుకుని మళ్ళీ మొదటి అక్షరం నుంచీ చెప్పింది.

ఆ బిగబట్టిన పళ్ళు ఎప్పుడు వదులయ్యాయో ఆ పిల్లకే తెలియదు. క్రిస్మస్ సెలవుల్లో రమ్మని ఎవరూ అడగలేదు, అయినా వెళ్ళింది. ఇద్దరూ వేయించిన వేరుశెనక్కాయలు ఒలుచుకుంటూ కూర్చునేవారు. “భకి నెత్తిన చిన్న ముడి ఉంటుంది బామ్మగారూ, మీ కొప్పులాగా. మకి ఉండదు” అంటూ ఆవిడ చెయ్యి పట్టుకుని దిద్దించేది. ఆవిడ తప్పు రాస్తే నవ్వేసి మళ్ళీ దిద్దించేది. ఏమైందో ఏమో, జనవరి వచ్చేసరికి నాగేంద్రమ్మకి అక్షరాలు ఒకదాని వెనక ఒకటి పట్టుబడ్డాయి. కూడబలుక్కుని మాటలు కూడా చదవసాగింది.

పరీక్షరోజు సిస్టర్ ఫిలోమినా వచ్చి, ఒకటో తరగతి హిందీ వాచకం ఆవిడ ముందు తెరిచింది.

“చదవండి.”

నాగేంద్రమ్మ వాక్యం కింద వేలు పెట్టి మొదలుపెట్టింది. మొదటి వాక్యం గట్టెక్కింది. రెండో వాక్యం సగంలో వేలు ఆగిపోయింది. ఎంతసేపటికీ కదల్లేదు. భానుమతి మాట అందించబోయి ఆగింది. అందిస్తే ఫెయిలని సిస్టర్ ముందే చెప్పింది. ఆవిడేమో పుస్తకం వైపు కాకుండా భానుమతి వైపే చూస్తోంది.

నాగేంద్రమ్మ బెదురుచూపు చూసి భానుమతి హాల్ టికెట్ సంగతే మరిచిపోయి, దగ్గరగా జరిగి ఆవిడ భుజం మీద చెయ్యి వేసింది.

“కంగారు పడకండి బామ్మగారూ. ఇవాళ రాకపోతే రాకపోయింది. పరీక్షలతో సంబంధం లేదు, నేను రోజూ వస్తాను. మీకు వచ్చేదాకా చెప్తాను.”

నాగేంద్రమ్మ ఆ పిల్ల మొహంలోకి చూసింది. వేలు కదిలింది. ఆగిన మాట, దాని తర్వాతి మాట, చివరిదాకా చదివేసింది.

“పాస్” అంది సిస్టర్.

భానుమతి బామ్మగారిని కావలించుకుని భోరుమంది. తర్వాత కళ్ళు తుడుచుకుని, అమ్మకి చెప్పాలంటూ మెట్లు దడదడలాడిస్తూ పరిగెత్తింది. ఆ చప్పుడు కింద వీధిలో కలిసిపోయింది.

“పిల్ల నేర్చుకుంది” అంది సిస్టర్.

“నేర్చుకుంది” అంది నాగేంద్రమ్మ, స్వెట్టర్ అందుకుంటూ.

సిస్టర్ వాచకం సంచిలో పెట్టుకుని లేచి, చేతులు జోడించింది.

“జులైలో ఇంకో అమ్మాయిని పంపిస్తాను. అప్పటికి అక్షరాలన్నీ మళ్ళీ మరిచిపోవాలి మీరు, హిందీ పంతులమ్మగారూ!”