తోడల్లుడి ఫారం

గ్రానైటు లారీలు మార్టూరులో అందరి గేట్ల ముందూ ఆగుతాయి. నాగేంద్రబాబుకి మాత్రం శ్రీకృష్ణ గేటు ముందు ఆగినవే కనబడేవి.

ఇద్దరూ తోడల్లుళ్ళు. పాలిషింగ్ యూనిట్లు పక్కపక్కనే. 2004లో ఇద్దరూ వెబ్‌సైట్లు పెట్టించారు. విదేశీ ఆర్డర్లు మాత్రం శ్రీకృష్ణకే వచ్చేవి. అత్తగారింట్లో పెద్దల్లుడికి వేసే కుర్చీ కూడా నాగేంద్రబాబు కంటికి కాస్త ఎత్తుగా కనబడేది.

తన మెయిల్ తెరిస్తే లాటరీలు, మందులు, ఎవరెవరివో ప్రేమలేఖలు. ఆ చెత్తలో కూరుకుపోయిన ఓ మలేషియా కంపెనీ ఉత్తరం ఆలస్యంగా కంటబడింది. అప్పటికే వాళ్ళు శ్రీకృష్ణ దగ్గర రాయి కొనేశారు. 

మర్నాడే చిలకలూరిపేట వెళ్ళి, ఇద్దరి సైట్లూ తయారుచేసిన సుధాకర్‌ని పట్టుకున్నాడు.

“ఏమయ్యా, మా శ్రీకృష్ణ అన్నయ్యకి రాని చెత్త నాకే ఎందుకొస్తోంది?”

“మీ ఈమెయిల్ అడ్రసు పేజీ మీద అందరికీ కనబడుతోందండి. స్పామ్ పంపేవాళ్ళు అలాంటివే ఏరుకుంటారు. ఆయన అడ్రసు బదులు, కొనేవాళ్ళు నింపే ఫారం పెట్టించుకున్నారు. అందులో ఎవరేం రాసినా, వెనక దాచిన అడ్రసుకి చేరుతుంది.”

“నాకెందుకు చెప్పలేదు?”

“చెప్పానండి. మీరే అక్కర్లేదన్నారు.”

“ఆయన ఫారమే తెచ్చి నా సైట్లో పెట్టు. ఇప్పుడే, నా కళ్ళముందే.”

అతను వెనక నిలబడి తొందరపెడుతుంటే, సుధాకర్ కనబడే అడ్రసు తీసేసి, ఆ ఫారం ఉన్నదున్నట్టు కాపీ చేసి నాగేంద్రబాబు పేజీలో పెట్టేశాడు.

చెత్త తగ్గింది. కానీ ఒక్క ఆర్డరూ రాలేదు. పక్క యూనిట్లో రెండో షిఫ్టు మొదలైంది. ఆ మిషన్ల హోరు వినలేక నాగేంద్రబాబు ఆఫీసు కిటికీలు మూయించాడు.

“అక్కావాళ్ళు ఇంకో కటింగ్ మిషను తెప్పించారటండీ,” అంది భార్య హైమ.

అతను కంచం ముందునుంచి లేచిపోయాడు.

మిషను పూజకి వెళ్ళక తప్పలేదు. శ్రీకృష్ణ ఆప్యాయంగా ఎదురొచ్చి భుజం మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యీ బరువనిపించింది.

శ్రీకృష్ణకొచ్చే మెయిళ్ళన్నీ చూసేది వదిన అఖిల. ఆమె ప్రసాదం చేతిలో పెడుతూ మామూలుగా అడిగింది.

“మరిదిగారూ, ఈమధ్య మాకు రాసే విదేశీ కంపెనీలవాళ్ళు చాలామంది ‘డియర్ నాగేంద్రబాబు’ అని మొదలుపెడుతున్నారు, ఎందుకంటారు?”