ట్యాబ్లెట్ డాక్టరమ్మ

“పిన్నిగారూ, ఏదీ, ఒక్కసారి కాలు ఎత్తండి.”

ముసలావిడ పళ్ల బిగువున ప్రయత్నించింది. దుప్పటి కదిలిందే తప్ప కాలు లేవలేదు. మంచం పక్కన నిలబడ్డ భర్త దుప్పటి సర్ది, డాక్టరు వైపు చూశాడు.

“స్కానింగులన్నీ బాగానే ఉన్నాయి. కారణమే అంతు చిక్కడం లేదు” అన్నాడు యూనివర్సిటీ ఆసుపత్రి పెద్ద డాక్టరు. మాట మళ్లించడానికి కాబోలు, “మీరేం చేసేవారు బాబాయిగారూ?” అని అడిగాడు.

“వేరే యూనివర్సిటీలో లైబ్రేరియన్ని.”

“నిశ్శబ్దం, నిశ్శబ్దం అని అరిచే ఉద్యోగం” అంది భార్య మంచం మీంచే.

“ఇప్పుడా ఉద్యోగానికి నూకలు చెల్లాయి లెండి. అన్నీ ఫోనుల్లోనే దొరుకుతుంటే మాతో ఎవరికి పని? పైగా పీహెచ్‌డీ ఉండాలట, బీరువాలకి కాపలా కాయడానికి!”

డాక్టర్ల గుంపులో ఉన్న నడివయసు ఆవిడ నవ్వాపుకుంది. ఆవిడ మెడలోని కార్డు మీద పేరుకి ముందు ‘డాక్టర్’ అని ఉంది. రోజూ రౌండ్సుకి వస్తుంది. అందరూ చెప్పేది విని, చేతిలోని ట్యాబ్‌లో ఏదో వెతుకుతూ ఉంటుంది. “మాత్ర రాయదు గానీ ట్యాబ్లెట్ మాత్రం వదలదు” అని ముసలావిడ ఆమెకి పేరు పెట్టేసింది, ట్యాబ్లెట్ డాక్టరమ్మ అని.

మర్నాడు ట్యాబ్లెట్ డాక్టరమ్మ ఒక్కతే వచ్చి మంచం అంచున కూచుంది.

“పిన్నిగారూ, కట్టుడు పళ్లు వదులయ్యాయా? మాట్లాడుతూ నాలుకతో సర్దుకుంటున్నారు.”

“వదులా! ఇంత జిగురు పూస్తే గానీ నిలవవు తల్లీ.”

“ట్యూబు వారం కూడా రాదు” అన్నాడు భర్త.

ఆమె కళ్లు మెరిశాయి. “రాత్రి ఓ పాత వైద్య పత్రికలో అచ్చం ఇలాంటి కేసే దొరికింది. కొన్ని జిగుర్లలో జింకు ఉంటుంది. అది ఎక్కువైతే ఒంట్లో రాగి తగ్గిపోయి నరాలు దెబ్బతింటాయి. పెద్ద డాక్టరుగారికి చూపించాను. ఇవాళే రక్తం తీస్తామన్నారు.”

రక్తంలో రాగి అడుగంటిందని తేలింది. జిగురు మానిపించి, రాగి ఎక్కించి, కొత్త పళ్లు కట్టించారు. ముందు వేళ్లు కదిలాయి, ఆ తర్వాత పాదం. ఇంటికి వెళ్లే రోజున ముసలావిడ భర్త భుజం పట్టుకుని, ఆయన్నే తొందరపెడుతూ వరండా అంతా నడిచింది.

ఎదురుపడ్డ ట్యాబ్లెట్ డాక్టరమ్మకి పెద్దాయన రెండు చేతులూ జోడించాడు.

“నా ఇంటిని నిలబెట్టావు తల్లీ. నువ్వు లేకుండా రౌండ్సుకి అడుగు వెయ్యనని పెద్ద డాక్టరే చెప్పాడు. ఏ వైద్యం చదివావమ్మా? మా మనవరాలినీ అందులోనే చేర్పిస్తాను.”

“నాది వైద్యం కాదు బాబాయిగారూ. మీరు చదివిందే.”

పెద్దాయన అయోమయంగా చూశాడు.

“నేనిక్కడి లైబ్రేరియన్ని.”