శాంత పరీక్ష

విమానాల్లో కుక్కలకూ పిల్లులకూ సీట్లు ఇవ్వగానే వాటి అరుపుల గోల భరించలేమని జనం అన్నారు. కంపెనీలు శాంత పరీక్ష పెట్టాయి. చెవి దగ్గర బుడగ పేలుస్తారు. అరిస్తే వెనక అరలోకి పంపుతారు. కుక్కలు నేర్చుకున్నాయి. ఆ తర్వాత అదే పరీక్ష చంటిపిల్లలకూ వచ్చింది.

హైమ తెల్లారకముందే పాపకు తలంటి, సాంబ్రాణి పొగ వేసింది. ఇక ఢిల్లీ దాకా లేవదనుకుంది. పాప కారులోనే నిద్ర తీర్చుకుని, విశాఖ విమానాశ్రయంలో కళ్లు తెరిచింది. బుడగ పేలగానే గుక్కపట్టి ఏడ్చింది.

"చంటిదమ్మా, ఏడవకుండా ఎలాగుంటాది?" అంది హైమ.

"రూలు అందరికీ ఒకటే మేడమ్. వెనకాల బెల్టు కడతాం, భయం లేదు," అంటూ కౌంటర్లో అమ్మాయి పాపను అందుకుంది.

హైమ పక్కన పాప సీట్లో ఒక కుక్క వచ్చి కూర్చుంది. దాని కాలికి నల్లటి దిష్టితాడు. అవతలి సీట్లో దాన్ని పెంచుకునే ఆవిడ.

విమానం లేచింది. గోడ వెనక నుంచి పాప ఏడుపు సన్నగా వినిపిస్తూనే ఉంది. ఎవరూ తల తిప్పలేదు. హైమ జాకెట్టు పాలతో తడిసింది. లేవనివ్వరని తెలిసి, పైట నిండుగా కప్పుకుంది.

కుక్క మాత్రం చెవులు రిక్కించింది. గోడవైపు తిరిగి మూలగసాగింది. ఇప్పుడు అందరూ చిరాగ్గా వెనక్కి చూశారు.

కుక్కగలావిడ సిగ్గుపడిపోయి చేతులు జోడించింది.

"ఏమనుకోకండి. మొదటి ప్రయాణం కదా, మావాడికి ఇంకా అలవాటవ్వలేదు."