కాళ్లు ఆనే బండి

బండి ఒరిగింది. దాని మీదున్న కెజియా కూడా ఒరిగింది.

పక్కనున్న ఒకతను చటుక్కున హ్యాండిల్ పట్టుకున్నాడు. లేకపోతే మేడ్చల్ రోడ్డు మీది ఆ సెకండ్ హ్యాండ్ బండ్ల దుకాణం ముందు, శనివారం సాయంత్రం పూట, బండితో సహా ఆమె దుమ్ములో పడి ఉండేది.

"నిదానం చెల్లె," అన్నాడతను.

సిగ్గుతో కెజియా అతనికి ఒక మంచి మాటైనా చెప్పలేదు. మొగుడి మీద విసుక్కుంది.

తప్పు ఎడ్వర్డ్‌దే. ఇందాకటి నుంచి ప్రతి బండీ ఎక్కి, గేరు వేసి, "మస్తుంది, తీస్కుందాం" అంటున్నది అతనే. ఆరడుగుల మనిషికి ఏ బండైనా మస్తుగానే ఉంటుంది. నడపాల్సిన కెజియా అతని భుజం దాకా కూడా రాదు. చెప్పులు ఒకరికి, కొలత ఇంకొకరిది అన్నట్టుంది వ్యవహారం. ఆమె ఎక్కితే కాలివేళ్లు మాత్రమే నేలను తాకుతున్నాయి.

స్కూటర్లు చూశారు. సీటు వెడల్పుగా ఉండి కాళ్లు ఇంకా పైకి లేచాయి. ధర అంతకన్నా పైనుంది. దుకాణం యజమాని జక్కయ్య సీటులో స్పాంజి కోయించుకొమ్మన్నాడు గానీ, కోసేవాడు మంగళవారం దాకా ఊళ్లో లేడట.

అప్పుడే మూలనున్న ఒక పాత నల్ల బండి కెజియా కంట పడింది. సీటు కిందికి ఉంది, నడుమ సన్నగా ఉంది. ఎక్కి కూర్చుంది. రెండు పాదాలూ మడమలతో సహా నేలకు ఆనాయి. ఇదే కావాలంది నవ్వుతూ. ఆమె అట్లా నవ్వగా చూసి చాలా రోజులైంది ఎడ్వర్డ్‌కు.

జక్కయ్య తల అడ్డంగా ఊపాడు. ఆ బండికి ఎవరో బయానా పెట్టారట. మిగతా డబ్బు పట్టుకుని ఆ మనిషి ఇక్కడే ఉన్నాడట.

ఇందాక హ్యాండిల్ పట్టుకున్నతనే. అతనూ పొట్టివాడే. కెజియా కన్నా రెండు వేళ్లు ఎక్కువ, అంతే. ఆ దుకాణంలో అతనికి సరిపోయే బండీ అదొక్కటే.

కెజియా మొహమాటం పక్కన పెట్టింది. ఎడ్వర్డ్ పనిచేసే ఫ్యాక్టరీ మూతపడ్డదని, తనకు ల్యాబులో ఉద్యోగం దొరికిందని, ఇంటింటికీ తిరిగి పరీక్షకు రక్తం తెచ్చే పనని, సొంత బండి లేకపోతే రానివ్వరని చెప్పుకొచ్చింది.

"సోమారం పొద్దుగాల బండితోటి పోకుంటే నా నౌకరి పోతదన్నా. నా ఎనక ఇంకొకరిని తయారుగ పెట్టిండ్రంట. నేను రాకుంటే ఆళ్లనే తీస్కుంటరంట."

ఏ ల్యాబు, ఎక్కడ అని అడిగాడతను. కొంపల్లిలో అని చెప్పి, ల్యాబు పేరు కూడా చెప్పింది. అతను రోడ్డు మీద పోయే లారీలను చూస్తూ నిలబడ్డాడు.

ఈలోగా జక్కయ్య ఎడ్వర్డ్ చెవిలో ఏదో ఊదాడు. బయానాలు పెట్టి, అవసరం ఉన్నవాళ్లకు ఎక్కువకు అమ్ముకునేవాళ్లు ఈ మధ్య తయారయ్యారట. ఆ మాట కెజియా చెవిలోనూ పడింది. ఒళ్లు మండింది.

"మీద ఎంతియ్యాలె? జల్దీ చెప్పన్నా, ఇంటికాడ పిల్లలున్నరు."

అతని ముఖం చిన్నబోయింది.

"ఏమొద్దు చెల్లె. నాకు ఇగ గీ బండితోటి పని లేదు."

జక్కయ్య దగ్గర బయానా వెనక్కి తీసుకుని, రోడ్డు దాటి, శామీర్‌పేట వైపు పోయే ఆటో ఎక్కాడు. పేరేమిటని కూడా ఎవరూ అడగలేదు.

ఊరికే వచ్చిన మంచిని నమ్మడం మనుషులకు ఎంత కష్టమో. కొన్న బండి మీద లాల్‌గడి మలక్‌పేట్‌లోని ఇల్లు చేరేదాకా కెజియాను ఒకటే అనుమానం తొలిచింది. పని లేనివాడు బయానా ఎందుకు పెడతాడు? బండిలో ఏదో లొసుగు కనిపెట్టి, మెల్లగా తమకు అంటగట్టి పోయాడు. ఆదివారం చర్చి నుంచి రాగానే మెకానిక్‌ను పిలిపించింది. ఇంజన్, బ్రేకులు, చైను, అన్నీ బాగున్నాయన్నాడు మెకానిక్. అయినా ఆమె మనసు ఒప్పుకోలేదు.

"గింత మంచి బండి ఎవడిడిసిపెడ్తడు? అయితె పిచ్చోడు, లేకుంటె దొంగోడు," అంది ఎడ్వర్డ్‌తో.

సోమవారం పొద్దున లారీల మధ్య ఎక్కడ ఆగాల్సి వచ్చినా రెండు కాళ్లూ ఆనించి, ధీమాగా నిలబడుతూ కొంపల్లి చేరింది. ల్యాబ్ ఇన్‌చార్జి లత బయటికొచ్చి బండి చూసింది, లైసెన్సు చూసింది, రక్తం తీసే సామాను సంచీ చేతికిచ్చింది. ఇక ఉద్యోగం ఆమెదే.

సంచీ భుజానికి తగిలించుకున్నాక, తన వెనక తయారుగా పెట్టిన మనిషి గుర్తొచ్చింది. వాళ్లు కూడా ఆశ పెట్టుకునే ఉంటారు కదా, పాపం. వాళ్లకేం చెప్పారని అడిగింది.

చెప్పే పనే పడలేదంది లత. అతని పేరు కుర్మయ్య అట, కౌకూర్ మనిషట. పని బాగా వచ్చు, బండికి బయానా కూడా పెట్టానన్నాడట.

"శనివారం పొద్దుగూకినంక ఆయనే ఫోన్ జేసిండు," అంది లత. "ఆమెకు బండి దొరికింది మేడం, ఆమె వస్తది, నా కోసం చూడకుండ్రి అన్నడు."