అద్దె చెవులు

పాటకు దొంగ శ్రోతల్ని పెట్టించాలని తేల్చుకున్న రోజున అతనికి చాలాకాలం తర్వాత బాగా ఆకలి వేసింది. మారు వడ్డిస్తూ అక్క ఏమిటీ విశేషం అన్నట్టు చూసింది. అతను తల వంచుకుని తిన్నాడు.

అక్కావాళ్లింట్లో ఇస్త్రీ గదే అతని స్టూడియో. గోడలకు మేకులు కొట్టి పాత దుప్పట్లు తగిలించాడు. అక్కడే బాణీ కట్టి, వాయించి, పాడి, అన్నీ కలిపి ఇంటర్నెట్లో అమ్మకానికి పెట్టేవాడు. కంపెనీ లేదు, మేనేజరు లేడు. కొనేవాళ్లు అసలే లేరు.

ప్రచారానికి చేయాల్సినవన్నీ చేశాడు. పాట బొమ్మగా తన ముఖం పెట్టాడు. అది తీసేసి ఖాళీ కుర్చీ పెట్టాడు. తేడా ఏమీ రాలేదు. తెలిసినవాళ్లందరికీ లింకు పంపాడు. విన్నామన్నవాళ్లు ఎక్కువ, లెక్కలో కనిపించినవాళ్లు తక్కువ.

నిజంగా విన్నది బావ ఒక్కడే. ఆయన బస్సు డిపోలో పనిచేస్తాడు. కొత్త పాటను డిపో గ్రూపులో పడేసి, మా బామ్మర్ది గొంతు సవరించుకుంటున్నాడు, చెవుల్లో దూది పెట్టుకుని వినండని రాశాడట. భోజనాల దగ్గర తనే చెప్పి తనే నవ్వాడు. తర్వాత అసలు మాట బయటపెట్టాడు.

"ఈ ఏడాది చివరిదాకా చూస్తానురా. ఈ పాట కూడా ఆడకపోతే మా డిపోలో టికెట్ మిషన్లు బాగుచేసే పనిలో చేరిపో. అవీ కీచుమంటూనే ఉంటాయి, నీకు కొత్తేం కాదు."

అందుకే అతను ఫోన్లాయన దగ్గరికి వెళ్లాడు. పైకి అది సెల్‌ఫోన్ల రిపేరు షాపు. వెనక గదిలో అరల నిండా, చెప్పుల కొట్లో జతల్లాగా, పాత ఫోన్లు. ఒక్కోదానికి ఒక్కో దొంగ పేరు. డబ్బిచ్చినవాడి పాట వాటిలో పగలంతా తిరుగుతూనే ఉంటుంది, శబ్దం మాత్రం రాదు. అన్ని పాటలు నోరు మూసుకుని పాడుతున్న ఆ గదిలో అతనికి ముందు నవ్వొచ్చింది, ఆ వెంటనే ఒళ్లు జలదరించింది. ఇన్నాళ్లూ దుప్పట్ల మధ్య తను చేసిందీ ఇంచుమించు ఇదే.

"నెమ్మదిగా పెంచండి. ఎవరికీ అనుమానం రాకూడదు," అన్నాడు.

"మాకు చెప్పాలా సార్?" అంటూ ఫోన్లాయన అడ్వాన్సు జేబులో పెట్టుకున్నాడు.

వారం తిరక్కుండానే పాట కదిలింది. తర్వాత నడిచింది. ఆపైన పరుగందుకుంది. కొందరు కొన్నారు కూడా. నమ్మకం కోసం అడ్వాన్సులోంచే కొనిపిస్తున్నాడు కాబోలు, మనిషి నీతిపరుడే అనుకున్నాడు అతను.

పాట కింద పడుతున్న అభిప్రాయాలు చూశాక ఫోన్లాయన పనితనానికి దణ్ణం పెట్టాలనిపించింది. రెండో చరణం వస్తేగానీ మా పాప ఏడుపు ఆపడం లేదు, మొదటి చరణం దండగని ఒకావిడ రాసింది. ఖాళీ బస్సును షెడ్డుకు తీసుకెళ్లేటప్పుడు ఇదే పెట్టుకుంటానని ఒక డ్రైవరు రాశాడు. ఇంకొకడైతే, డ్రమ్ము ఆలస్యంగా పడింది, వాయించినవాడికి చెయ్యి తిమ్మిరెక్కిందా అని ఏకంగా తిట్టాడు. చూసేవాళ్లు నమ్మడానికి తిట్టేవాణ్ణి కూడా పెట్టాడే అని అతను మురిసిపోయాడు. నిజానికి డ్రమ్ము ఆలస్యంగానే పడింది. ఒక దొంగ ఫోను తన పాటను అంత శ్రద్ధగా విన్నందుకు అతనికి కళ్లు చెమర్చాయి.

ఇంట్లో వరస మారింది. బావ టికెట్ మిషన్ల ఊసెత్తడం మానేశాడు. అక్క ఇస్త్రీ బట్టలు హాల్లోకి మార్చేసి, తలుపు తట్టి మరీ లోపలికి వస్తోంది. ఆ మర్యాదే అతనికి గొంతులో ముల్లులా ఉంది. ఇద్దరూ పిలిచి నాలుగు తిట్లు తిడితే హాయిగా నిద్రపోయేవాడు.

ఒకరోజు ఉదయం, పాటలమ్మే ఆన్‌లైన్ కంపెనీ నుంచి ఫోనొచ్చింది.

"మీ పాట వింటున్నవాళ్ల గురించి మాట్లాడాలండీ," అంది అవతలి ఆవిడ.

చిన్నప్పుడు బళ్లో అద్దం పగిలితే, తను పగలగొట్టకపోయినా, ముందుగా చెమటలు పట్టేది అతనికే. ఆ అలవాటు ఇప్పుడు పనికొచ్చింది. ఆవిడ ఇంకో మాట అనేలోపే షాపు, వెనక గది, అరలు, అడ్వాన్సుతో సహా, ఇంట్లో గోడకు కొట్టిన మేకులు తప్ప అన్నీ గుక్క తిప్పుకోకుండా చెప్పేశాడు. చెబుతున్నంతసేపూ ఒళ్లు తేలికవుతున్నట్టే ఉంది.



"మీ పాటను మా మొదటి పేజీలో పెడదామని ఫోన్ చేశానండీ," అంది ఆవిడ అంతా విన్నాక. "ఇప్పుడిక తీసేయక తప్పదు. ఒక్క ఇదే కాదు, మీ పాటలన్నీ. మీ పేరుతో మళ్లీ ఏదీ తీసుకోం."

మధ్యాహ్నానికి పాటలున్న చోట తెల్లటి పేజీ మిగిలింది. సంగతి విని బావ నవ్వలేదు. అదే అన్నిటికన్నా ఘోరంగా ఉంది. సోమవారం నుంచి డిపోకి రమ్మని మాత్రం చెప్పి, చెప్పులేసుకుని బయటికి వెళ్లిపోయాడు.

అతను తిన్నగా రిపేరు షాపుకు వెళ్లాడు. నెమ్మదిగా పెంచమంటే ఇంత ఎత్తుకు లేపి కొంప ముంచినందుకు చొక్కా పట్టుకుని అడగాలని దారంతా మాటలు కూడబెట్టుకున్నాడు. తీరా ఎదురుగా నిలబడ్డాక ఒక్కటే వచ్చింది.

"అంతా బయటపడిపోయింది."

ఫోన్లాయన ముఖంలో నెత్తురుచుక్క లేదు. షట్టరు సగానికి దించి, సొరుగులోంచి అడ్వాన్సు తీసి, మొత్తంగా అతని ముందు పెట్టాడు.

"తప్పు నాదే సార్, నలుగురికీ చెప్పి నా పేరు పాడుచేయకండి. మీ పాట మొదలుపెడదామని చూసేసరికే జనం వాళ్లంతట వాళ్లు తెగ వినేస్తున్నారు, ఇంక మీకేం తెలుస్తుందిలే అని ఒక్క ఫోన్లో కూడా పెట్టలేదు."