కాళ్ల లెక్క

"మావయ్యగారూ, ఆ బటన్ నొక్కకండి."

ప్రొఫెసర్‌కు అరికాలి మంట నెత్తికెక్కింది. ఇంట్లో మావయ్యగారు, ల్యాబ్‌లో సార్ అని కోడలు ఉద్యోగంలో చేరిన రోజే చెప్పాడు. పక్క బల్ల దగ్గర ఇద్దరు అసిస్టెంట్లు మైక్రోస్కోపుల మీదికి వంగి నవ్వు దాచుకుంటున్నారు.

ఆమె ఎందుకొచ్చిందో ఆయనకు తెలుసు. కొత్త వెల్వెట్ పురుగు గురించిన వ్యాసంలోంచి ఆమె పేరు నిన్ననే తీసేశాడు. వేలెడంత మెత్తటి ప్రాణి అది. అటు వానపామూ కాదు, ఇటు కీటకమూ కాదు. కోపమొస్తే ఎదుటివాడి మీద జిగురు చిమ్ముతుంది. కుళ్లిన దుంగల్లోంచి వాటిని ఏరి తెచ్చిందీ, డబ్బాలో తడి నాచు వేసి పెంచుతున్నదీ కోడలే. అయితే ఏం? స్పిరిట్ సీసాలో ఉన్నవాటి కాళ్లు లెక్కపెట్టి, పాత జాతికి పద్నాలుగు జతలు, దీనికి పదిహేను, కాబట్టి ఇది కొత్త జాతి అని తేల్చింది ఆయన. జాతి పేరు పక్కన దాన్ని వర్ణించినవాళ్ల పేరు శాశ్వతంగా ఉండిపోతుంది. వచ్చే నెల రిటైరయ్యే మనిషికి ఆ కాస్త చోట్లో ఇంకొకరు ఇరుక్కోవడం ఇష్టం లేదు.

"ఒక్కసారి ఈ డబ్బాలోకి చూడండి" అంది కోడలు. చేతిలోని డబ్బాను ఆయన వైపు చాపింది.

బతికున్నవాటితో తనకు పని లేదన్నాడాయన. కూరగాయలు తెచ్చిన ప్రతివాడూ వంటవాడైపోతాడా అని దులిపేశాడు. తండ్రిలాంటివాడి నోటికాడ కూడు లాక్కోవడానికి సిగ్గుండాలన్నాడు. ఆ మాటకు కోడలి ముఖం జేవురించింది.

"నేను నా పేరు కోసం రాలేదండీ."

"మరి నా పేరు నిలబెట్టడానికొచ్చావా?"

"అవును."

"ఎవరి చెవిలో పువ్వులు పెడతావమ్మా?" అంటూ ఆయన బటన్ నొక్కేశాడు. ఆఖరి ప్రూఫు అచ్చుకు వెళ్లిపోయిందని తెర మీద పడింది. ఇక దాన్ని బ్రహ్మదేవుడు కూడా వెనక్కి తేలేడు. అసిస్టెంట్లలో ఒకడు చప్పట్లు కొట్టబోయి, కోడలి ముఖం చూసి చేతులు దించేశాడు.

ప్రొఫెసర్ కుర్చీలో తీరిగ్గా వెనక్కి వాలాడు. ఇప్పుడు చెప్పు నీ గొడవేమిటో, అన్నాడు.

కోడలు డబ్బా మూత తీసి ఆయన ముందు పెట్టింది.

"మీ కొత్త జాతి పొద్దున పిల్లల్ని కన్నది సార్. వాటిలో సగం పాత జాతివి."